మేసా పాదాన పసుపు రాయి

1996 జూలై. డర్బన్‌కు ఉత్తరాన షాకాస్‌క్రాల్ చుట్టుపక్కల చెరకు నరుకుతున్న రోజులు. కాల్చిన చెరకు ఆకుల మసి గాలిలో తేలివచ్చి, ఉతికి ఆరేసిన చొక్కాల మీద వాలే కాలం. అన్ని రంగులవాళ్లం ఒకే వరసలో నిలబడి ఓటు వేసి అప్పటికి రెండేళ్లు దాటింది. రంగు చూసి లాక్కున్న భూములను వెనక్కి అడగవచ్చని కొత్త చట్టం వచ్చింది. నేను డర్బన్‌లో ఒక సర్వే ఆఫీసులో చేరి నలభై ఏళ్లు దాటాయి.

సర్వే అంటే ఏమిటో తెలియని వాళ్లకు ఒక ముక్క చెబుతాను. భూమిని కొలిచి, దాని మూలల్లో గుర్తులు పాతి, ఆ ఆకారాన్ని కాగితం మీదికి ఎక్కించడమే మా పని. మూలన పాతే గుర్తును బీకన్ అంటాం. కాగితం మీది బొమ్మను డయాగ్రమ్ అంటాం. పొలంలో నిలబడి అక్కడికక్కడ పెన్సిలుతో రాసుకునే పుస్తకం ఫీల్డ్ బుక్. నేను చేరింది కొలత గొలుసు మోయడానికి. బడి ఆరో తరగతితో ఆగిపోయింది. తెలుగు అక్షరాలు మా నాన్న పలక మీద దిద్దించాడు. తక్కినదంతా, ఇంగ్లీషూ త్రికోణమితీ కలిపి, నాకు నేనే నేర్చుకున్నాను. ఎంత నేర్చినా మావాణ్ని, అంటే భారతీయుణ్ని, సర్వేయర్ శిక్షణకు తీసుకునే ఆఫీసు ఆ రోజుల్లో నాకు ఒక్కటీ కనబడలేదు. ఎండలో కొలిచేది మేము, లెక్కలు కట్టేది మేము, గీసేది మేము. ఈ మాట ఎత్తితే మా మనవరాళ్లు "మళ్లీ మొదలెట్టావా తాతా" అంటారు. మొదలెడతాను. మరిచిపోవడానికి అదేమైనా పంటినొప్పా?

అయితే ఈ రాత కోపం గురించి కాదు. కోపం నాకు అలవాటు కనుక అక్కడక్కడా తొంగిచూస్తుంది, అంతే.

ఆ నెలలో ఒక మంగళవారం మా ఆఫీసుకు ఇద్దరు వచ్చారు. ఒకరు సుధాకర్ అని, కాకినాడ నుంచి వచ్చిన ముప్పై ఏళ్ల ఇంజనీరు. భూముల దరఖాస్తులు చూసే ప్రభుత్వ కార్యాలయంలో మ్యాపుల పని అతనిది. రెండో మనిషి అప్పలనర్సమ్మ. ఎనభైకి ఒకటో రెండో తక్కువ. ముదురు ఆకుపచ్చ చీర, మీద మగవాళ్ల స్వెటర్, చేతిలో ప్లాస్టిక్ సంచి. కుర్చీలో కూర్చోకముందే నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, నువ్వు తెలుగోడివేనా? ఆ గుమ్మంకాడ గుంట ఇంగ్లీషులో ఏటేటో అడిగింది."

"తెలుగోణ్ణే అత్తా. కూకో."

"ఏ ఊరు మీది?"

"రెడ్‌హిల్."

"అది కాదు నాయనా. దేశంలో ఏ ఊరు?"

"మా తాతకే సరిగ్గా తెలీదు. నాకేటి తెలుస్తాది? విశాపట్నం జిల్లా అనీసి కాయితం మీదుంది."

"అయితే మనోడివే," అని తేల్చేసి కూర్చుంది.

మావాళ్లలో తెలుగు అప్పటికే అంతంతమాత్రం. ఆమె మాట్లాడే తెలుగు ఆమె అత్తగారిది, ఆ అత్తగారిది చెరకు తోటల కూలీకి ఓడ దిగిన రోజుది. సుధాకర్‌కు సగం అర్థమయ్యేది, సగం నేను విడమరచి చెప్పేవాణ్ని.

ఆమె గోడు ఇది. షాకాస్‌క్రాల్‌కు లోపల, కొండల వైపు, వాళ్ల మామగారు కొన్న పదకొండు ఎకరాలు ఉండేవి. చిక్కుళ్లు, మిరప, మడుంబీ దుంపలు పండించేవాళ్లు. మడుంబీ అంటే ఇక్కడి చేమదుంపే. అరవైల్లో ఆ ప్రాంతం తెల్లవాళ్లదని ప్రకటించి వీళ్లను లేపేశారు. ఆ పదకొండు ఎకరాలూ పక్కనున్న చెరకు ఎస్టేటులో కలిసిపోయాయి. భర్త ఆ దిగులుతోనే పోయాడు. ఇప్పుడు ఆమె దరఖాస్తు పెట్టింది. దస్తావేజు ఉంది, డయాగ్రమ్ ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ పదకొండు ఎకరాలు సరిగ్గా ఎక్కడున్నాయో ఎవరూ రుజువు చేయలేకపోతున్నారు.

పాత డయాగ్రమ్‌లతో వచ్చే తంటా ఇదే. దాని నాలుగు మూలలకు ఏ, బి, సి, డి అని పేర్లున్నాయి. ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎంత దూరమో, ఏ కోణంలో తిరగాలో రాసి ఉంది. కానీ దేశం మొత్తానికి వేసిన కొలతల వలలో దాన్ని ఎక్కడా ముడివేయలేదు. దారం తెగిన గాలిపటంలా ఆ బొమ్మను ఏ కొండ పక్కనైనా వాల్చవచ్చు. ఎస్టేటువాళ్లు దాన్ని కింద వాగు పక్కన వాల్చారు. అక్కడిప్పుడు వాళ్లు కట్టుకున్న డ్యామ్ ఉంది. "నీళ్లకింద పోయిన భూమిని తిరిగి ఇవ్వడం కుదరదు" అన్నది వాళ్ల లాయరు మాట. నర్సమ్మత్తేమో, "నీళ్లు కాదు, కొండకిందే. ఊట ఉంది, ఆ పక్కనే మా ఇల్లు" అంటుంది. ఆ నెలాఖరులో రెండు పక్షాలూ పొలంలో కలవాలి. ఆ రోజు చోటు రుజువు కాకపోతే ఫైలు మూసేస్తారు.

"సర్, డి బీకన్ పక్కన ఒక మాట ఉందండీ," అన్నాడు సుధాకర్ డయాగ్రమ్ పరిచి. "మేసా పాదాన, అని. మేసా అంటే బల్లలాంటి కొండ, స్కూల్లో చదివాం. రోడ్డు మీంచి చూస్తే బల్లలా కనిపించే కొండ అక్కడ ఒక్కటే ఉందండీ. డ్యామ్ పక్కది. అందుకే ఎస్టేటువాళ్ల వాదన గట్టిగా ఉంది."

ఆ మాట చూడగానే డయాగ్రమ్‌ను నా వైపు లాక్కున్నాను. ఆ చేతిరాత నాకు తెలుసు. ఆ మాట నాకు ఇంకా బాగా తెలుసు.

మా ఆఫీసు ఆ డయాగ్రమ్ గీసిన పాత సర్వేయర్ దగ్గర నుంచే చేతులు మారి వచ్చింది. ఆయన నేను చేరక ముందే పోయాడు, నేను చూడలేదు. మా ఈ నాటాల్ ప్రాంతానికి రాకముందు ఆయన అమెరికా ఖండపు ఎండు నేలల్లో, ఒకప్పుడు స్పెయిన్‌వాళ్లు ఏలిన చోట పనిచేశాడని చెప్పుకునేవారు. ఆయన ఫీల్డ్ బుక్కులు వెనక గదిలో బీరువా నిండా ఉండేవి. నాకు ఇరవై ఏళ్లప్పుడు వాటి దుమ్ము దులిపే పని అప్పగించారు. దులపమన్నారు, చదవమనలేదు. నేను చదివాను. అందులోనే మొదటిసారి మేసా కనబడింది. అర్థమేమిటని అప్పటి యజమానిని అడిగితే, "నీకెందుకు, గీత తిన్నగా గీయి చాలు" అన్నాడు. ఆ శనివారమే గ్రే స్ట్రీట్ దగ్గర పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిన నిఘంటువు ఒకటి కొన్నాను. ఆ మనిషి ఆ మాట అనకపోయి ఉంటే నేను ఆ పుస్తకం కొనేవాణ్ని కాదేమో. అందుకు ఆయనకూ ఒక దండం.

మేసా స్పానిష్ మాట. బల్ల అని అర్థం. లాటిన్‌లో మెన్సా అంటే బల్ల, దాన్నుంచి వచ్చింది. స్పెయిన్‌వాళ్లు అమెరికాలో నెత్తి చదునుగా కోసేసినట్టున్న కొండలను చూసి ఇంట్లో అన్నం తినే బల్ల పేరు పెట్టేశారు. వాళ్ల దగ్గర ఇంగ్లీషువాళ్లు అరువు తెచ్చుకున్నారు. మా నాయనమ్మ బల్లను మేజా అనేది. ఆ మేజా పారశీకం నుంచి వచ్చిందని కొందరు, పోర్చుగీసుల మేసా నుంచే వచ్చిందని కొందరు అంటారు. తేల్చడం నా తరం కాదు. కానీ ఇరవై ఏళ్ల కుర్రాణ్ని, ఆఫీసులో నా చోటేమిటో రోజూ గుర్తుచేయించుకునేవాణ్ని, మా నాయనమ్మ నోటి మాటకు లాటిన్‌లో చుట్టాలుండవచ్చని తెలిసి వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

మాట పుట్టుక తెలుసుకుంటే సరిపోదు, దాని హద్దులు కూడా తెలియాలి. ప్రతి చదును కొండా మేసా కాదు. నెత్తిన గట్టి రాతి పొర మూతలా ఉండాలి, పైన సమంగా ఉండాలి, చుట్టూ అన్ని వైపులా నిటారుగా తెగిపడాలి. ఒక వైపు నిటారుగా తెగి, రెండో వైపు మెల్లగా వాలిపోయే కొండకు స్పానిష్‌లోనే వేరే మాట ఉంది, క్వెస్టా. అంటే ఏటవాలు. ఎదురుగా నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పైకెక్కితే తెలుస్తుంది. ఆ నేలల్లో తిరిగిన మనిషి ఈ రెంటినీ కలిపేయడు. మన ఆడవాళ్లు చాటనూ జల్లెడనూ కలిపేస్తారా?

"డ్యామ్ పక్క కొండ ఎక్కి చూశారా?" అన్నాను.

"లేదండీ, ఫొటోలు చూశాం," అన్నాడు సుధాకర్.

"ఫొటోలు!" అన్నాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను. పాపం, ఆ పిల్లాడు తలవంచుకుని విన్నాడు. నర్సమ్మత్త సంచిలోంచి బిస్కెట్ తీసి అతని చేతిలో పెట్టింది.

బీరువాలో ఆ పనికి సంబంధించిన ఫీల్డ్ బుక్ వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఎలుకలు ఒక మూల కొరికాయి, అంతే. ఆయన ఆ రోజు గుర్రం మీద వెళ్తూ రాసుకున్నాడు: క్వెస్టా కింద వాగు దాటాను, మరో అరగంట ప్రయాణం తర్వాత మేసా పాదాన డి పాతాను, అక్కడి నుంచి మేసా దక్షిణపు కొసకు చూపు వేసి, దానికీ సి వైపు గీతకూ మధ్య కోణం తీసుకున్నాను. కోణం అంకెల్లో ఉంది. సుధాకర్ ఆ పేజీ చదివి లేచి నిలబడ్డాడు. వాగు పక్కది క్వెస్టా. మేసా దాని వెనక ఇంకెక్కడో ఉంది.

"ఇది చాలదండీ," అన్నాడు మళ్లీ కూర్చుని. "చచ్చిపోయినాయన రాసుకున్న రెండు మాటలు అంటారు లాయరుగారు. రాయి దొరకాలి."

నిజమే. ఒక్క బీకన్, అక్కడి నుంచి తెలిసిన ఒక్క దిక్కు ఉంటే చాలు, తక్కిన మూడు మూలలూ కొలిచి పట్టుకోవచ్చు. ఆ ఒక్కటీ కావాలి.

పొలంలో కలిసే రోజు వచ్చింది. లాయరు రాలేదు, ఎస్టేటు తరఫున వాళ్ల సర్వేయర్ వచ్చాడు. నలభై ఏళ్ల తెల్లవాడు, తక్కువ మాటల మనిషి. నా మాట మీద ముందు డ్యామ్ పక్క కొండ ఎక్కాం. పైన చదునుగా ఉన్న చోట జేబులోంచి ఒక నార్చీ పండు తీసి కింద పెట్టాను. నార్చీ అంటే మన కమలాపండు లాంటిది. అది ఒక క్షణం ఆగి, మెల్లగా కదిలి, సముద్రం వైపు దొర్లుకుంటూ పోయి గడ్డిలో మాయమైంది. ఎస్టేటు సర్వేయర్ మట్టం చూసే తన లెవెల్ కూడా పెట్టి చూసుకున్నాడు. "వాలు ఉంది," అని ఒప్పుకున్నాడు.

అక్కడి నుంచి లోపలికి చూస్తే కనబడింది. రోడ్డు మీంచి ఈ కొండ వెనక దాక్కున్నది. నాలుగు వైపులా కోసినట్టు, నెత్తిన తడిబట్ట పరిచినట్టు సమంగా. నలభై ఏళ్లు కాగితంలో చదివిన మాటను మొదటిసారి రాతిలో చూశాను. ఎందుకో టోపీ తీశాను.

దాని పాదాన, దక్షిణపు కొస కనబడే నైరుతి వైపు వెతికాం. లాంటానా ముళ్లు, చెరకు చివర వరసలు, పాముల భయం. రెండు గంటలు. ఏమీ దొరకలేదు. నర్సమ్మత్త బక్కీలో, అంటే మా చిన్న లారీలో, తలుపు తీసుకుని కూర్చుని ఉంది.

"అత్తా, ఈడ మూలన పాతిన రాయేదైనా చూసినావా ఎప్పుడన్నా?"

"నేదు. అప్పుడూ అడిగితివి, ఈ బాబూ అడిగాడు. రాయేటీ నేదిక్కడ."

అప్పుడే చెరకు వరసల్లోంచి ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. దాన్ని నడిపే మ్‌తెంబు అనే జులూ పెద్దాయన దిగి, ఆమెను చూసి రెండు చేతులూ చాపాడు.

"హౌ, గోగో! ఈ ఏడు ముందే వచ్చావే!"

గోగో అంటే జులూలో అవ్వ. ముందే రావడమేమిటని నేను అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఈ గోగో ఏటా వస్తుంది, చెరకు నరకడం అయిపోయాక, పువ్వులతో, టెంకాయతో, ఊట దగ్గరున్న తన అమ్మ దగ్గరికి. మీకు చెప్పలేదా?

నేను ఆమె వైపు తిరిగాను.

"మీరు రాయి అడిగితిరి," అంది నర్సమ్మత్త. "అమ్మని అడగలేదు గదా."

ఊట దగ్గర, ముళ్ల వెనక, సిరింగా చెట్టు కింద ఉంది. వేప దొరకని ఈ దేశంలో మావాళ్లు పూజకు సిరింగా రెమ్మలే వాడతారు. మోకాలెత్తు రాయి. పసుపు మీద పసుపు, కుంకం మీద కుంకం, నూనె మీద మసి, దశాబ్దాల పొరలు. అయినా నా కన్నుకు ఆ భుజాలు ఆనాయి. ఉలితో చెక్కిన నలుచదరపు భుజాలు.

ఆ క్షణంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆనందం పట్టలేక అరిచాను: "అత్తా, ఇది అమ్మ కాదే! సర్వే రాయి! ఇదే మన డి!"

ఆమె ముఖం మారిపోయింది.

"నీ నోట్లో మన్నెట్ట! ఏటన్నావు? మా అత్త ఎట్టిన పోలేరమ్మ. నా పిల్లలకి అమ్మవారు పోస్తే కాపాడింది. రాయంతావా?"

"అది కాదు అత్తా, పైన పసుపు కొంచెం గీకితే అక్షరం..."

"గీకుతావా? అమ్మ ఒళ్లు గీకుతావా? గీకు సూద్దాం." ఆమె ఆ రాయికి అడ్డంగా నేల మీద చతికిలబడింది. "నాకీ భూమి ఒద్దు. కాయితాలు చింపీండి. అందరూ ఎల్లండి."

సుధాకర్ వంగి చేతులు జోడించాడు. "అమ్మగారూ, దయచేసి మా పరిస్థితి అర్థం చేసుకోండి. ప్రభుత్వ నిబంధనల ప్రకారం..."

"నువ్వు మాటాడేది పేపరు బాసనాగుంది బాబూ. నాకొద్దు."

ఎస్టేటు సర్వేయర్ దూరంగా నిలబడ్డాడు. మర్యాదగానే చెప్పాడు: అక్షరం కనబడనిదే బీకన్ అని రాసుకోలేను, ముసలామెను బలవంతం చేయడం నా పనీ కాదు, మధ్యాహ్నం దాకా చూస్తాను. అంటే ఆ మధ్యాహ్నం దాటితే ఆమె పదకొండు ఎకరాలూ డ్యామ్ నీళ్ల కిందే ఉండిపోతాయి. దొరికాక, కళ్ల ముందు పెట్టుకుని, నా నోటి దూలతో పోగొట్టబోతున్నాను.

వెళ్లి ట్రాక్టరు నీడలో కూర్చున్నాను. మ్‌తెంబు తన డబ్బాలోంచి మంచినీళ్లు ఇచ్చాడు. ఇన్నేళ్లుగా దున్నుతూ ఈ రాయిని ఎందుకు వదిలావని అడిగాను. గోగో అడిగిందా?

"లేదు. మొదట్లో ఆమెను నేను చూడనే లేదు. రాయి దగ్గర పువ్వులు చూశాను. ఎవరో ఎవరినో తలుచుకుంటున్నారు. తలుచుకునే చోట నేను నాగలి పెట్టను."

"మేనేజరు ఏమీ అనలేదా?"

"రెండుసార్లు పీకేయమన్నాడు. గొలుసు తెగుతుంది బాస్ అన్నాను." ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "గట్టి గొలుసే. కానీ తెగుతుందని నాకు తెలుసు."

తక్కిన మూడు బీకన్లనూ ఇదే ఎస్టేటు నాగళ్లు మింగేశాయి. ఈ ఒక్కటి మిగలడానికి మా ఆఫీసు బీరువా కారణం కాదు, నా నిఘంటువూ కారణం కాదు. నేను లేచి, బూట్లు విప్పి, మేజోళ్లు కూడా విప్పి, ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాను.

"అత్తా, తప్పయింది. అమ్మ ఈడ ఎలాగ ఎలిసింది?"

ఆమె నా కాళ్ల వైపు చూసింది. బూట్లు లేవని చూసుకుంది. తర్వాత చెప్పింది. వాళ్ల అత్తగారు పొదలు కొడుతుంటే గునపం ఠంగుమంది. తవ్వితే ఈ రూపం. నెత్తిన గుండ్రటి బొక్క.

"కొండరాయి అలాగుంటాదేటి? ఎవుళో సేసినట్టుంది. మా అత్త అప్పుడే మొక్కింది. పొలిమేరలో ఎలిసింది గనక పోలేరమ్మ."

"పొలిమేరలోనే?"

"మా పొలానికి ఇదే సివర. అవతల మనది కాదు. మా మావ సెప్పీవోడు, అమ్మ దాటి ఒక్క మొక్క ఎయ్యకండనీసి."

నేను సుధాకర్ వైపు చూశాను. అతను అప్పటికే రాసుకుంటున్నాడు.

"మా కాయితంలోనూ అదే ఉంది అత్తా," అన్నాను. "ఇది మీ పొలిమేర అనీసి. ఎనకటి దొర ఒకడు రాసి ఎల్లాడు. ఆ కాయితం నిజమో కాదో అమ్మే సెప్పాల."

ఆమె చేత్తో రాయి భుజం నిమిరింది. ఎండిన పసుపు పెంకు ఒకటి ఊడి ఆమె వేళ్లకు అంటింది. దాన్ని కళ్లకద్దుకుంది.

"అమ్మకి తానం సేయించి ఎన్నేళ్లయిందో. నీళ్లు మోసీ ఓపిక నేక, మీద మీదే పూసీసినాను." తల ఎత్తింది. "నీళ్లట్రండి. ఎవుళూ సెయ్యెయ్యకండి. నాను సేయిస్తాను."

మ్‌తెంబు డబ్బాతో ఊట నుంచి నీళ్లు మోశాడు. సుధాకర్ బూట్లు విప్పి రెండో డబ్బా అందుకున్నాడు. ఆమె సంచిలోంచి పసుపు, కుంకం, టెంకాయ, కర్పూరం బయటికొచ్చాయి. ఈ చోటికి ఒట్టి చేతులతో ఆమె ఎప్పుడూ రాలేదట. పాలే లేవు. ఆమె పాలు లేవని గొణిగిందని నేను ఇంగ్లీషులో చెబితే, ఎస్టేటు సర్వేయర్ తన టీ కోసం తెచ్చుకున్న చిన్న పాల సీసా బండిలోంచి తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ అబ్బాయి మంచోడే," అంది నర్సమ్మత్త.

గంట పట్టింది. ఉలి లేదు, బ్రష్ లేదు. నీళ్లు పోసి, నానబెట్టి, బిడ్డకు నలుగు తీసినట్టు అరచేత్తో రుద్దింది. పసుపు పెళ్లలు పెళ్లలుగా కరిగి కాలవ కట్టింది. ముందు నెత్తిన బొక్క బయటపడింది, ఉలితో తొలిచినది, పెన్సిలు పట్టేంత. తర్వాత తూర్పు ముఖాన ఒక నిలువు గీత. ఆ గీతకు కడుపులా ఒక వంపు.

ఆమె వేలితో ఆ వంపు వెంట తడిమింది. "ఇదేటి?"

"డి."

"అంటే?"

"నాలుగో మూల అని గుర్తు."

"మిగతా మూడు మూలలూ?"

"దున్నీసినారు అత్తా. ఇదొక్కటే మిగిలింది."

"మిగలదా మరి!" అంది, నన్నొక మందబుద్ధిని చూసినట్టు చూసి. "అమ్మ గదా."

కుంకం పెట్టి, టెంకాయ కొట్టి, హారతి ఇచ్చాక, "ఇప్పుడు కొలుసుకోండి. కాలు తగలనీకండి," అని జరిగింది. మేము థియోడొలైట్ నిలబెట్టాం. అది కోణాలు కొలిచే యంత్రం. దాని కింద వేలాడే లోహపు గుండు మొన సరిగ్గా అమ్మ నెత్తి మీది బొక్కలోకి దిగాలి. నా పనికాలంలో ఆ గుండును అంత భయంగా ఎన్నడూ దించలేదు. మేసా దక్షిణపు కొసకు చూపు పెట్టి, పాత పుస్తకంలోని కోణం తిప్పి, ఆ గీత వెంట చెరకు వరసల్లోకి కొలుచుకుంటూ వెళ్లాం. సి ఉండాల్సిన చోట నేల మీద ఏమీ లేదు. ఎస్టేటు సర్వేయర్ తానే పార తీసుకుని తవ్వాడు. పాత సర్వేయర్లలో కొందరికి ఒక అలవాటు ఉండేది, రాయి పోయినా గుర్తు మిగలాలని అడుగున పగిలిన గాజు పాతేవాళ్లు. మోకాలు లోతున ఆకుపచ్చ సీసా అడుగు బయటపడింది.

అతను దాన్ని చేతిలో తిప్పి చూశాడు. "ఆమె చెప్పిన చోటే," అన్నాడు. "మా కంపెనీకి అదే రాస్తాను." అన్నట్టే రాశాడు. జీతమిచ్చేవాడికి వ్యతిరేకంగా నిజం రాయడం తేలిక కాదని నాకు తెలుసు. నా కోపాల జాబితా పొడుగైనది, అందులో అతని జాతి మనుషులు చాలామంది ఉన్నారు. అతను మాత్రం లేడు.

తిరిగి వెళ్లేముందు సుధాకర్ కొత్త ఫీల్డ్ బుక్ నా చేతికిచ్చి, బీకన్ వివరం రాసే గడి మీరే నింపండి అన్నాడు. చెక్కిన రాయి, డి అక్షరం, మేసా పాదాన, అని రాశాను. కొంచెం ఆగి, పూజలో ఉంది, కదపరాదు, అని చేర్చాను. ఆ గడిలో అలాంటి మాట అంతకుముందు ఎవరూ రాసి ఉండరు. పై ఆఫీసులోనూ ఎవరూ కొట్టేయలేదు.

భూమి ఆమె చేతికి రావడానికి మరో మూడేళ్లు పట్టింది. ప్రభుత్వాలు మారినా ఫైళ్ల నడక మారదు. కానీ వచ్చింది. ఆమె కూతురి కుటుంబంతో అక్కడ రేకుల ఇల్లు వేసుకుని, రెండు పంటలు మడుంబీ వేసింది. మొదటి తవ్వకంలో ఒక బస్తా మా రెడ్‌హిల్ ఇంటికి పంపి, "అమ్మకి దండం ఎట్టుకుని తినమను, ఆ నోటి దూలోణ్ణి" అని కబురు చేసింది. మూడో పంట ఆమె చూడలేదు. ఆమె కూతురు ఇప్పటికీ ఆ రాయికి పసుపు పూస్తుంది, అక్షరం ఉన్న ముఖం మాత్రం వదిలేసి.

ఆ తర్వాత నేను ఇంకో పన్నెండేళ్లు ఇలాంటి దరఖాస్తుల పనే చేశాను. చాలామంది ముసలివాళ్ల వెంట, చాలా పొలాల్లో తిరిగాను. మాటల పుట్టుక వెతకడం మానలేదు. ఆ పిచ్చే లేకపోతే నేను తప్పుడు కొండ కింద ఆమెను కూర్చోబెట్టి ఉండేవాణ్ని. కానీ సరైన కొండ కిందికి చేరాక అడిగే ప్రశ్న మార్చుకున్నాను. బీకన్ ఎక్కడుంది, రాయి చూశారా అని అడగడం మానేశాను. బూట్లు విప్పి, పక్కన కూర్చుని, "ఈ చోట మీరు ఏం చేసేవాళ్లు?" అని అడుగుతాను. ఒకామె రాతి మీద ఉప్పు ఆరబెట్టేవాళ్లమంది. ఒకాయన మేకను కట్టేవాళ్లమన్నాడు, దేనికి కట్టేవారంటే, నడిచి వెళ్లి చెక్కిన రాయి ఒకటి చూపించాడు.